పారాథైరాయిడు హార్మోను చరిత్రయు నల్లగొండ సాక్ష్యమును

నల్లగొండ జిల్లా పేరు ప్రపంచ వైద్యగ్రంథములలో రెండు సందర్భములలో కనబడును. ఎముకలను చెఱచు ఫ్లోరోసిసు వ్యాధిని గూర్చి వ్రాయువారు తఱచుగా ఈ జిల్లాను పేర్కొందురు. ఆ వ్యాధికి మూలమైన ఫ్లోరైడును పటికతోను సున్నముతోను నీటినుండి తొలగించు పద్ధతికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. ఈ రెంటిని గూర్చి తెలుగున ఎంతో కొంత వ్రాయబడియే యున్నది. మూడవ సంగతి యొకటి కలదు. దానిని గూర్చి మన భాషలో చెప్పినవారు అరుదు. శరీరమందలి కాల్షియమును పాలించు ఒక హార్మోను కలదనియు, అది కణములకు తన యాజ్ఞను వినిపించు తీరు ఇట్టిదనియు శాస్త్రజ్ఞులు సుమారు నూటనలువది యేండ్లలో కనుగొనిరి. ఆ చరిత్రలో నల్లగొండ బిడ్డల రక్తమునకును కొంత భాగము కలదు. ఆ భాగము ఎట్టిదో చూపుటయే ఈ వ్యాసమున మేము పూనుకొనిన పని.

మఱ్ఱిగూడ, చండూరు, మునుగోడు, నారాయణపురము ప్రాంతములను ఎఱిగినవారికి ఈ వ్యాధిని వర్ణింప నక్కఱలేదు. నలువదియేండ్ల మనుష్యుడు మెడ త్రిప్పజాలక, ఎవరైన పిలిచినచో దేహమంతయు త్రిప్పి చూచును. వెన్నెముక కొయ్యబాఱి నడుము వంగదు. పిల్లల పండ్లమీద గోధుమరంగు చారలు తేలును. కొందఱు పిల్లలకు కాళ్ళు వంకరలు పోయి, మోకాళ్ళు రెండును ఒకదానినొకటి ఒరయుచుండ పాదములు ఎడమైపోవును. పాలమూరు జిల్లాలోని కొన్ని యూళ్ళలోను ఈ దుఃఖమే కలదు. ఇది పూర్వజన్మ కర్మమనియు, గ్రామదేవత యాగ్రహమనియు చెప్పుకొనుట మొన్నమొన్నటివఱకు ఉండెను. ఆ యూరి పిల్లను చేసికొనిన వంశమునకు వంకర వచ్చునని సంబంధములు తప్పించుకొనినవారును ఉండిరి. దోషము నెత్తుటిలో లేదు, బావిలో నున్నది. ఒకే తల్లికి పుట్టిన బిడ్డ వేఱొక యూర పెరిగినచో కాళ్ళు తిన్నగానే యుండును.

అయితే చదువుకొనినవారు చెప్పు సమాధానమును సంపూర్ణము కాదు. నీటిలో విషమున్నది, కావున ఎముక వంగెను అని వారు ఊరకుందురు. ఫ్లోరైడు ఎముకలో చేరినచో ఎముక బరువెక్కును, దట్టమగును, కీళ్ళచుట్టును స్నాయువులలోను క్రొత్త యెముక పెరుగును. ముసలివారి వెన్ను బిగిసిపోవుటకు ఇది కారణమని ఒప్పవచ్చును. కాని దట్టమైన యెముక వంగుట యెట్లు? ఒకే బావినీరు తాతను కొయ్యబాఱునట్లు చేసి, మనుమని కాళ్ళను మెత్తబఱచి వంచుట యేల? ఈ ప్రశ్నయే మమ్ము ఆ హార్మోను కడకు నడిపించినది.

రాళ్ళ సంగతి కొద్దిగా చెప్పి ముందునకు పోవుదుము. ఈ పీఠభూమి రాయి చాలవఱకు గ్రానైటు. అందులోని ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకము మొదలగు ఖనిజములలో ఫ్లోరిను ఇమిడియుండును. వాన తక్కువ, ఎండ యెక్కువ. భూగర్భమునందు చిరకాలము నిలిచిన నీరు ఆ ఖనిజములను కరగించుకొనును. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని నియమము కాగా, ఇచ్చటి కొన్ని బావులలో 10 మిల్లీగ్రాములకు మించియు కనబడినది. మానవులయందు ఈ వ్యాధిని భారతదేశమున మొదట వెల్లడించినది 1937లో. అప్పటి నెల్లూరు జిల్లాలోనిదియు, తరువాత ప్రకాశము జిల్లాలో చేరినదియు నగు దర్శి ప్రాంతమున షార్టు మొదలగువారు దానిని గుర్తించిరి. నల్లగొండ జిల్లా వ్యాధిగ్రస్తులను గూర్చి సిద్దీఖీ యను వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో సవిస్తరముగా ప్రకటించెను. అప్పటికి ఎముక బిగియుటయే ప్రధానముగా కనబడినది.

ఇక గ్రంథుల కథ. మన కంఠమున థైరాయిడు గ్రంథికి వెనుక వరిగింజంతేసి గ్రంథులు సాధారణముగా నాలుగు కలవు. వీనిని మొదట చూచిన గౌరవము ఒక ఖడ్గమృగమునకు చెందవలెనేమో. లండను జంతుశాలలో చచ్చిన భారతదేశపు ఖడ్గమృగమొకదానిని రిచర్డు ఓవెను పందొమ్మిదవ శతాబ్దపు నడుమ కోసి పరీక్షించి, థైరాయిడునకు అంటియున్న చిన్న గ్రంథిని చూచి వ్రాసిపెట్టెను. మనుష్యులయందు వీనిని కనుగొని పేరుపెట్టినవాడు స్వీడను దేశపు ఉప్సాలా విశ్వవిద్యాలయములోని ఈవారు సాండ్‌స్ట్రోము. అతడు 1880లో తన పరిశోధనమును స్వదేశభాషలోనే ప్రకటించెను. పెద్ద దేశములవారు దానిని లెక్కచేయలేదు. 1889లో అతడు తన ప్రాణము తానే తీసికొనెను. రెండేండ్ల తరువాత, 1891లో, ఫ్రాన్సునందు గ్లే యను శాస్త్రజ్ఞుడు ఈ గ్రంథులకు ప్రాణాధారమైన పని కలదని చూపినపుడు లోకము వెనుదిరిగి సాండ్‌స్ట్రోము వ్రాతను వెదకుకొనెను. చిన్న భాషలో వ్రాసిన శాస్త్రమునకు పట్టు గతి యిదియేనని కొందఱు అనవచ్చును. మేమట్లనము. వ్రాసియుండుటచేతనే గదా వెదకినవారికి దొరకినది!

ఈ గ్రంథులను తీసివేసిన కుక్కలు కండరములు కొంకర్లు పోయి చచ్చుచుండెను. 1909లో మక్కాలము, ఫోగ్ట్‌లిన్ అను నిరువురు ఆ కుక్కల రక్తములో కాల్షియము తగ్గిపోవుచున్నదనియు, కాల్షియ లవణములను ఎక్కించినచో కొంకర్లు నిలిచిపోవుననియు కనుగొనిరి. 1925లో, అంతకు కొలదికాలము ముందు ఇన్సులిను శుద్ధిచేయుటలో తోడ్పడిన కెనడా రసాయనవేత్త కాలిపు, ఎద్దుల గ్రంథులనుండి పనిచేయు సారమును తీసెను. ఆ సారములోని పదార్థము శుద్ధరూపమున 1959లో చేతికి వచ్చినది. అది 84 ఆమినో ఆమ్లములు వరుసగా కూర్చిన గొలుసు. ఇట్టి గొలుసులనే పెప్టైడులందురు. 1970లో ఎద్దు హార్మోనులోని వరుస పూర్తిగా తేలినది. రక్తములో కాల్షియము తగ్గగానే ఈ హార్మోను స్రవించును. ఎముకనుండి కాల్షియమును విడిపించును. మూత్రపిండములు దానిని పోనీయకుండ ఆపునట్లు చేయును. డి విటమినును పనిచేయు రూపమునకు మార్పించి, ప్రేగులు ఆహారమునుండి మఱింత గ్రహించునట్లు చేయును. రక్తము నూఱు మిల్లీలీటర్లకు తొమ్మిది పది మిల్లీగ్రాముల కాల్షియము నిలుపుటకే ఈ యేర్పాటంతయు. ఎముక మన కొట్టుగది. కొరత వచ్చినపుడు ఇల్లాలు కొట్టుగదిలోని గింజలనే తీయును.

ఇంతవఱకు హార్మోను ఏమి చేయునో తెలిసినది. ఎట్లు చేయునో తెలియలేదు. హార్మోను కణములోనికి చొచ్చునా, వెలుపలనే నిలుచునా? 1902లో బేలిసు, స్టార్లింగులు సెక్రిటిను అను ప్రేగు హార్మోనును కనుగొనిరి. 1905లో స్టార్లింగు హార్మోను అను పేరును లోకమునకిచ్చెను. ఆ యేడే కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు లాంగ్లీ, కణమునందు మందును పట్టుకొను ఒక గ్రాహక పదార్థము ఉండి తీరవలెనని వాదించెను. దానిని చూచినవారు లేరు. ఊహ అని చాలమంది త్రోసివేసిరి.

ఆ యూహకు వైద్యశాలలో సాక్ష్యమిచ్చినవాడు బోస్టను వైద్యుడు ఫుల్లరు ఆల్‌బ్రైటు. 1942లో అతడును సహచరులును ప్రకటించిన రోగులలో పారాథైరాయిడు గ్రంథులు లేనివారికుండు లక్షణములన్నియు కలవు. కాని గ్రంథిసారమును సూదిద్వారా ఇచ్చినను మూత్రపిండములు చలింపలేదు. హార్మోను కొఱవడుటచేత వచ్చిన రోగము కాదిది, హార్మోను మాటను వినలేని రోగమని ఆల్‌బ్రైటు నిర్ణయించెను. ఎంత చక్కని నిర్ణయము! కబురు పంపువాడు వేఱు, వినువాడు వేఱు. వినువాని చెవి చెడినను రోగము వచ్చును. మా యభిప్రాయమున ఈ విద్య చరిత్రలో దీనికి సాటివచ్చు బుద్ధికౌశలము తక్కువ. యంత్రములేవియు లేక, రోగిని చూచి ఆలోచించి చెప్పిన మాట యది.

1958 ప్రాంతమున సదర్లాండు, రాలు అను నిరువురు, హార్మోను తాకిన కణములో సైక్లిక్ ఏఎంపీ అను చిన్న అణువు పుట్టుచున్నదని చూపిరి. హార్మోను వెలుపల నిలిచియే లోపల దూతను పుట్టించునని దీనివలన తేలినది. 1967లో చేజు, ఆర్‌బాకులు పారాథైరాయిడు హార్మోనును ఇచ్చినచో మూత్రములో ఈ దూత మెండుగా కనబడునని చూపిరి. ఆల్‌బ్రైటు వర్ణించిన రోగులలో అట్లు కనబడదని మఱి రెండేండ్లకు తేలినది. ఇరువది యేడేండ్ల క్రిందటి యూహ నిజమైనది.

ఇప్పుడు మా వ్యాసమునకు ఆయువుపట్టయిన సంగతికి వచ్చితిమి. అంటుకొనుట వేఱు, పని చేయించుట వేఱు. 84 ఆమినో ఆమ్లములలో మొదటి 34 ఉన్నచో చాలును, హార్మోను పనియంతయు ఇంచుమించుగా జరుగును. ఆ 34లో ముందుగా నున్న రెంటిని తీసివేసినచో మిగిలిన తునక గ్రాహకమును అంటిపెట్టుకొనును గాని సైక్లిక్ ఏఎంపీని పుట్టించు శక్తిని ఇంచుమించు పూర్తిగా కోల్పోవును. పైగా నిజమైన హార్మోనునకు చోటివ్వక అడ్డుపడును. గొలుసుకు తోక పట్టు, తల పనిముట్టు.

మన చెరువుల భాషలో చెప్పుదుము. నీరటికాడు తూమువద్దకు పోయి ముందుగా కాలు నిలద్రొక్కుకొనును. తరువాత చేతులతో తూము మూతను ఎత్తును. నిలద్రొక్కుకొనుట లేక ఎత్తుట సాధ్యము కాదు. నిలద్రొక్కుకొని చేతులు లేనివాడు ఊరక నిలువబడినచో నీరు పాఱదు సరికదా, ఎత్తగలవానికి చోటును దొరకదు. హార్మోనులో 15 మొదలు 34 వఱకు గల భాగము మరచుట్టు ఆకారమును తాల్చి, కణమునకు వెలుపల వ్రేలాడు గ్రాహకభాగములోని గాడిలో పరుండును. ఇది కాలు నిలుపుట. తరువాత మొదటి 14 ఆమినో ఆమ్లముల భాగము కణపు పొరలోనికి దిగును. గ్రాహకము ఆ పొరను ఏడుమార్లు గ్రుచ్చుకొని పోయిన ప్రోటీను. ఆ యేడు మరచుట్టుల నడుమ గోయి కలదు. హార్మోను తల ఆ గోతిలో చేరినపుడు ఆఱవ మరచుట్టు విఱిగినట్లు వంగి, దాని లోపలి కొస వెలుపలివైపునకు జరుగును. కణములోపల అట్లు తెఱపి యేర్పడగానే జీ ప్రోటీను అను మఱియొక ప్రోటీను వచ్చి అందులో తగులుకొనును. అది అంతవఱకు పట్టుకొనియున్న జీడీపీని విడిచి జీటీపీని గ్రహించి, ముక్కలై, ఒక ముక్క ఎడినైలైల్ సైక్లేజు అను ఎంజైమును తట్టి లేపును. ఆ యెంజైమే సైక్లిక్ ఏఎంపీని పుట్టించును. జీ ప్రోటీను తాను పట్టిన జీటీపీనుండి ఒక ఫాస్ఫేటును తానే త్రుంచివేసికొని మరల నిద్రించును. మూత యెత్తుటయే కాదు, మూసికొనుటయు ఏర్పాటులోనిదే.

ఈ వర్ణనమంతయు ఒకనాడు తేలినది కాదు. పారాథైరాయిడు హార్మోను గ్రాహకపు జన్యువు 1991లో చేజిక్కినది. అది 593 ఆమినో ఆమ్లముల ప్రోటీను. ఆ యేడే సెక్రిటిను గ్రాహకమును దొరకెను. రెండును ఒక కుటుంబమువే యని తెలిసినది. హార్మోను అను పేరునకు కారణమైన సెక్రిటినునకు మన యెముకల హార్మోను ఇట్లు బంధువైనది. వెలుపలి గాడిలో హార్మోను పరుండిన చిత్రము 2008లోను, జీ ప్రోటీనుతో గూడి మేల్కొనియున్న గ్రాహకపు సమగ్రరూపము 2019లోను ప్రకటింపబడినవి. ఇట్టి గ్రాహకములనుగూర్చి లెఫ్కోవిట్జు, కోబిల్కాలకు 2012లో నోబెలు బహుమానము వచ్చినది.

మఱియొక వింత. ఎముకను కరగించు కణములమీద ఈ గ్రాహకము ముఖ్యముగా లేదు; ఎముకను కట్టు కణములమీద నున్నది. హార్మోను కట్టువానికి చెప్పును, కట్టువాడు కూల్చువానిని పిలుచును. కావుననే ఫలము కాలమునుబట్టి మారును. దినమునకొకమారు కొద్దిగా సూదిద్వారా ఇచ్చినచో ఎముక పెరుగును. ఆ 34 ఆమినో ఆమ్లముల తునక 2002లో అమెరికాలో బోలు ఎముకల వ్యాధికి ఔషధముగా అంగీకరింపబడినది. అదే హార్మోను రేయింబవళ్ళు ఎక్కువగా నుండినచో ఎముక కరగును.

ఇప్పుడు నల్లగొండకు మరలుదుము. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా పుట్టి, హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందిన సంస్థ యొకటి కలదు. అందలి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెటు పత్రికలో నల్లగొండ ప్రాంతపు బాలురలో మోకాళ్ళు వంకరపోవు వ్యాధిని వర్ణించిరి. వారి చిత్రములలో కనబడిన విశేషమేమనగా, వెన్నెముక దట్టమై యుండగా కాళ్ళ యెముకలు గుల్లబాఱియుండెను. ఒకే దేహమున రెండు విరుద్ధములు! ఫ్లోరైడు ఒక్కటియే కర్తయైనచో ఇట్లుండునా?

అనుమానము హార్మోనుమీదికి పోయినది. అయినను రక్తములో మిల్లీలీటరునకు కొన్ని పదుల పికోగ్రాములు మాత్రమే యుండు పదార్థమును కొలుచుట యెట్లు? గ్రాము నొకదానిని లక్షకోట్ల పాళ్ళు చేసినచో ఒక పాలు పికోగ్రాము. బెర్సను, రోసలిను యాలో యనువారు న్యూయార్కున కనిపెట్టిన రేడియో పద్ధతిని 1963లో ఈ హార్మోనునకు వర్తింపజేసిరి. యాలోకు 1977లో నోబెలు బహుమానము లభించినది. ఆ పద్ధతితోనే శివకుమారు, కృష్ణమాచారి 1976లో మోకాళ్ళు వంగిన రోగుల రక్తమున పారాథైరాయిడు హార్మోను హెచ్చుగా నున్నదని ప్రకటించిరి. ఉత్తరదేశమున టియోటియాలు 1973లో తమ ఫ్లోరోసిసు రోగులలోను ఇట్టి గ్రంథిచైతన్యమును చూపియుండిరి.

జరుగునది యిది. ఫ్లోరైడు ఎముకను కట్టు కణములను రెచ్చగొట్టును. అవి కట్టుచుపోవుటకు కాల్షియము కావలెను. ఫ్లోరైడు చేరిన యెముకనుండి కాల్షియము సులువుగా వెలికి రాదు. ఆహారమున పాలు పెరుగు దండిగా నున్నవానికి ఈ లోటు తీరును. జొన్నగటకయే దినభోజనమైన కూలివాని బిడ్డకు తీరదు. రక్తమున కాల్షియము తగ్గబోవును. గ్రంథులు విశ్రాంతి లేక హార్మోనును విడుచును. గ్రాహకములు రేయింబవళ్ళు కబురు వినుచుండును. కాళ్ళ యెముకలు గుల్లబాఱును. పెరుగు వయస్సున దేహభారమునకు వంగును. తాతకు వెన్ను బిగిసినది, మనుమనికి కాలు వంగినది. నీరొకటే, కాల్షియపు లెక్క వేఱు. నాగార్జునసాగరము వెలసిన పిదప భూగర్భజలములు, నేల, జొన్నలోని మాలిబ్డినము మారినందున కూడ ఈ వంకర హెచ్చెనని ఆ పరిశోధకులు శంకించిరి. అది శంకగనే మిగిలినది. బీదరికము మాత్రము శంక కాదు. బావినీరు త్రాగుటలో ఊరంతయు సమానమైనను, కాళ్ళు వంగినవారు చాలవఱకు పేదల బిడ్డలే యైరి.

ఇచ్చట చిత్రమైన సంగతి యొకటి చెప్పక విడువలేము. సదర్లాండు పరిశోధనశాలలోనే, హార్మోను ఏమియు లేకుండ ఫ్లోరైడు కలిపినను సైక్లిక్ ఏఎంపీ పుట్టుట కనబడినది. చిరకాలము ఎవరికిని కారణము తెలియలేదు. 1982లో స్టెర్న్‌వైసు, గిల్మనులు గుట్టు విప్పిరి: ఫ్లోరైడు ఒంటరిగా పనిచేయదు, గాజు గొట్టములనుండియు రసాయనములనుండియు చేరిన లేశమాత్రపు అల్యూమినియము దానికి తోడుపడుచున్నది. ఆ రెండును కలిసిన ముద్ద, జీ ప్రోటీనులో జీడీపీ ప్రక్కన, లేని ఫాస్ఫేటు చోట కూర్చుండి, జీటీపీ వచ్చినట్లు ప్రోటీనును భ్రమింపజేయును. నీరటికాడు రాకయే, తూములో రాయి తట్టుకొని మూత పడకుండ నిలిచినట్లు. జీ ప్రోటీనులను వెలికితీసిన గిల్మను, రాడ్‌బెలులు 1994లో నోబెలు బహుమానము పొందిరి. ఆ పనిలో ఫ్లోరైడు గొప్ప పనిముట్టాయెను.

ఇది విని, నల్లగొండ వ్యాధికి ఇదే కారణమని తొందరపడి చెప్పువారు కలరు. లెక్క చూచినచో అట్లు చెప్పరాదు. పరిశోధనశాలలో వాడునది సాధారణముగా లీటరునకు 10 మిల్లీమోలులు, అనగా ఇంచుమించు 190 మిల్లీగ్రాముల ఫ్లోరైడు. లీటరునకు 5 మిల్లీగ్రాములుగల చెడ్డ బావినీటిలో ఉండునది అందులో ఇంచుమించు ముప్పదియెనిమిదవ వంతు మాత్రమే. రక్తమునకు చేరునది అంతకన్న ఎన్నియో రెట్లు స్వల్పము. శాస్త్రమున సాదృశ్యము మనస్సును త్వరగా లాగును. కొలత చేతపట్టినవాడు మాత్రము ఆగును.

అల్యూమినియమునకు ఫ్లోరైడుమీద గల యీ మక్కువయే నాగపూరు పరిశోధనశాలవారు కూర్చిన నల్లగొండ పద్ధతికిని ఆధారము. నీటిలో సున్నమును పటికను కలిపి గిలకొట్టినచో అల్యూమినియపు తరకలు ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. చౌకయైనదియు ఇంట చేయదగినదియు నైనను, మోతాదు తప్పినచో అల్యూమినియము నీట మిగులుననియు, అడుగు మడ్డిని పాఱబోయుటకు చోటు కావలెననియు దీనిపై ఆక్షేపణ కలదు. జనులకు కావలసినది పటిక కాదు, ఏటినీరు. 1996 లోకసభ యెన్నికలలో ఈ నీటికొఱకే నల్లగొండ స్థానమున 480 మంది అభ్యర్థులు నిలువగా, ఓటు పత్రము పుస్తకమంత ఆయెను. ప్రభుత్వము ఆ యేడే లోకసభ ధరావతును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచినది. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కాలువగొట్టములు కృష్ణానీటిని ఈ యూళ్ళకు చేర్చినవి.

ఏటినీరు త్రాగి పెరుగు బిడ్డల సంగతి వేఱు. వారికి ముందు పుట్టినవారి యెముకలలో చేరిన ఫ్లోరైడు మాత్రము నీరు మారిన దినముననే పోదు; ఎముక తనను తాను కూల్చుకొని కట్టుకొనుచు ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా దానిని విడుచును. విడుచునట్టి ఆ కూల్పు పనికి ఆజ్ఞ పంపునదియు ఆ వరిగింజంత గ్రంథులే.